హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి: పిల్లలతో, పెద్దవాళ్లతో ఉండటానికి ఏ ఏరియా?

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. మీవారి ఆఫీసు రుషికొండ ఐటీ హిల్స్ మీద, మీది ఇంటినుంచే పని. బాబు ఎనిమిదో తరగతి, పాప నాలుగో తరగతి. మోకాళ్లనొప్పులతో అత్తగారు. సముద్రం కనిపించే ఫ్లాటా, మధురవాడలో కొత్త గేటెడ్ కమ్యూనిటీయా, పెందుర్తి వైపు చవగ్గా స్థలం కొని కట్టుకోవడమా అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. మొదటి ఏడాది ఎంవీపీ కాలనీలోగానీ, విశాలాక్షినగర్ నుంచి ఎండాడ లోపుగానీ అద్దెకి దిగండి. అక్కడ దొరక్కపోతే మధురవాడ. సముద్రానికి ఎదురుగా వద్దు. పెందుర్తి మంచి చోటే కానీ మీ పనికి కాదు. కొనే మాట ఒక అక్టోబరు ఇక్కడ గడిపాక ఎత్తండి.

మాది హనుమకొండ. మావారికి పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం వస్తే వచ్చాం. మొదట షీలానగర్‌లో, ఆ తర్వాత ఎంవీపీలో ఉన్నాం. ఇప్పుడు మురళీనగర్. నా ఉద్యోగం ద్వారకానగర్‌లో. అంటే ఊరి కొసకీ నడుమకీ మధ్య రోజూ తిరిగే ఇల్లు మాది, ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

హైదరాబాద్ అలవాటుతో వచ్చేవాళ్లకి ఈ ఊరి ఆకారం వెంటనే అందదు. అక్కడ ఊరు నాలుగు దిక్కులా పెరిగింది, ఒక రోడ్డు ఆగితే ఇంకో రోడ్డు పట్టుకుంటాం. ఇక్కడ ఒకవైపు సముద్రం, రెండోవైపు సింహాచలం కొండలు, కంబాలకొండ అడవి. మధ్యలో మిగిలిన జాగాలో ఊరు పొడుగ్గా సాగింది. మెట్రో ప్రతిపాదనలో స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా వేసిన మొదటి కారిడారే 34 కిలోమీటర్ల పైచిలుకు. ఆ పొడవంతటికీ ప్రధానమైన దారి జాతీయ రహదారి 16 ఒక్కటే. దానిమీద వరసగా వచ్చే జంక్షన్లు ఇవీ: గాజువాక, ఎన్‌ఏడీ, తాటిచెట్లపాలెం, గురుద్వారా, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, కార్‌షెడ్, కొమ్మాది. ఈ వరస ముందు నోటికి తెచ్చుకోండి. ఇల్లు, ఆఫీసు, స్కూలు మూడూ ఈ వరసలో దగ్గరదగ్గరగా పడ్డాయా, హాయిగా ఉంటారు. మా ఆఫీసులో ఒకావిడ ఇల్లు కొమ్మాదిలో, భర్త ఉద్యోగం స్టీల్‌ప్లాంట్‌లో. మంచి ఫ్లాటే, పార్కు, ఈతకొలను అన్నీ ఉన్నాయి. ఆయన మాత్రం పిల్లలు లేవకముందే బయల్దేరి, వాళ్లు నిద్రపోయే వేళకి ఇంటికి చేరతారు.

మీవారిది రుషికొండ కాబట్టి మీ వెతుకులాట మద్దిలపాలెం దాటి ఇటువైపే ఉండాలి. ఇక్కడ మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. పొద్దున్నపూట రద్దీ అంతా మధురవాడ వైపు నుంచి ఊళ్లోకి వస్తుంది. ఎంవీపీలో ఉంటే మీవారు దానికి ఎదురు వెళ్తారు. అప్పుఘర్ దగ్గర బీచ్ రోడ్డెక్కి, తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ మీదుగా రుషికొండ. పది కిలోమీటర్లకి కాస్త అటూఇటూ. హనుమంతవాక జంక్షన్ జోలికి పోనక్కర్లేదు. బండి లేనిరోజు భీమిలి వెళ్లే 900కె బస్సు అదే దారిలో వెళ్తుంది.

ఎంవీపీ గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, పిల్లలూ పెద్దవాళ్లూ కలిసి ఉండే ఇంటికి నేను చూసినవాటిలో అదే నయం. వుడా (అప్పటి పట్టణాభివృద్ధి సంస్థ) వాళ్లు సెక్టార్లుగా గీసి వేసిన లేఅవుట్ కాబట్టి వీధులు తిన్నగా ఉంటాయి, నేల చాలావరకు చదును. కొండల ఊళ్లో మోకాళ్లనొప్పులున్న మనిషికి అది చిన్న విషయం కాదు. ఇక్కడ చాలా కాలనీల్లో వీధి మలుపు తిరిగితే ఎత్తే. మీ అత్తగారు కర్ర పట్టుకుని ఒక్కరే రైతుబజారు దాకా వెళ్లి, బోర్డుమీద ధర చూసి, బేరమాడలేకపోయానే అని బాధపడుతూ తిరిగి రాగలరు. ఏఎస్ రాజా గ్రౌండ్‌లో సాయంత్రం క్రికెట్ ఆడే పిల్లల మధ్య మీ బాబుకి స్నేహితులు వారంలో దొరుకుతారు. చేపలు తినేవాళ్లయితే పెదజాలారిపేట పక్కనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం ఉంటుంది, ఆ రోజుల్లో వంజరం ధర అడక్కండి. ఆసుపత్రులకీ ఇబ్బంది లేదు. హనుమంతవాకలో విమ్స్, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఆ పక్కనే హెల్త్ సిటీలో పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులు. కేజీహెచ్ కూడా దూరమేం కాదు.

లోపాలూ ఉన్నాయి. అపార్ట్‌మెంట్లు పాతవి, చాలావాటికి కారు పెట్టే జాగా ఒక్కటే, అదీ స్తంభాల మధ్య ఇరుక్కుని. కొన్నింటిలో లిఫ్ట్ ఉన్నా కరెంటు పోతే దానికి జనరేటర్ ఉండదు. మీ ఇంట్లో ఎవరికోసం అది అడగాలో మీకు తెలుసు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఉన్న వీధుల్లో రాత్రి పదకొండు దాకా బళ్ల చప్పుడు. అదే అద్దెకి మధురవాడలో ఇంకో గది ఎక్కువొస్తుంది, అదీ నిజమే.

ఇక సముద్రం కనిపించే ఫ్లాటు. బ్రోకర్ మిమ్మల్ని బాల్కనీలో నిలబెట్టి ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడడు, మాట్లాడాల్సిన పని కూడా ఉండదు. తర్వాత సంగతి నేను చెబుతాను. ఉప్పుగాలికి కిటికీ గ్రిల్స్, గేటు తాళాలు, బాల్కనీలో ఏసీ బయటి యూనిట్ అన్నీ తుప్పే. సాగర్‌నగర్‌లో మా మరిది వాళ్లింట్లో ఏసీ మెకానిక్ ఇంటి మనిషైపోయాడు. తీరాన్ని ఆనుకున్న చోట్ల బోరు నీళ్లలో ఉప్పదనం ఉంటుంది, గీజర్లూ కుళాయిలూ త్వరగా పోతాయి. ఉక్కపోత ఎలాగూ ఊరంతా ఉన్నదే, కాకపోతే ఒడ్డున బట్టలు ఆరేసినా చెమ్మగానే ఉంటాయి. ఒక కిలోమీటరు లోపలికి వచ్చినా గాలి వస్తుంది, తుప్పు తగ్గుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేం షీలానగర్‌లో ఉన్నాం. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, ఊళ్లో చెట్టన్నది నిలబడలేదు. కరెంటు రావడానికి రోజులు పట్టింది. పాల ప్యాకెట్‌కి, నీళ్ల క్యాన్‌కి వరసలు కట్టాం. ఒడ్డున పై అంతస్తుల్లో ఉన్నవాళ్ల కిటికీ అద్దాలు పగిలి ఇళ్లలోకి నేరుగా వాన కొట్టింది. రోజూ అలాంటి తుఫాను రాదు, నిజమే. కానీ అక్టోబరు, నవంబరు నెలల్లో ప్రతి ఏడూ ఒకటో రెండో వాయుగుండాల భయం ఉంటుంది. ఇల్లు చూసేటప్పుడు కిటికీలు ఏ దిక్కుకి ఉన్నాయో, హుద్‌హుద్‌లో ఆ భవనానికి ఏమైందో అడగండి. పాత భవనమైతే వాచ్‌మెన్‌కో పక్కింటివాళ్లకో తెలిసే ఉంటుంది.

పిల్లల సంగతికొస్తే, సముద్రం దగ్గరగా ఉండటం వేరు, అందులో దిగడం వేరు. ఆర్కే బీచ్‌లో అలలు లోపలికి లాగేస్తాయి, అక్కడ ప్రాణాలు పోయిన వార్తలు మేం చదువుతూనే ఉంటాం. రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ) గుర్తింపు వచ్చింది, అక్కడ కాపలా మెరుగు. అయినా మా పిల్లలకి మోకాళ్లలోతు దాటి అనుమతి లేదు. ఆర్కే బీచ్ అసలు అందం తెల్లవారుజామున. ఆ కాసేపు రోడ్డుమీద బళ్లు ఆపేస్తారు, పిల్లలు సైకిళ్లు, స్కేటింగ్ చక్రాలు వేసుకుని రోడ్డంతా వాళ్లదే. మీ పాపని అక్కడికి తీసుకెళ్లండి. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం కూడా ఆ రోడ్డుమీదే, తెరిచే వేళలు కనుక్కుని చూపించండి.

మధురవాడ గురించి మీరు విన్న మంచంతా నిజమే. మిథిలాపురి, పీఎం పాలెం, కొమ్మాది చుట్టూ కొత్త భవనాలు, వెడల్పు రోడ్లు, ఆఫీసుకి దగ్గర. అక్కడ మూడు ప్రశ్నలు అడక్కుండా అడ్వాన్స్ ఇవ్వకండి. మొదటిది నీళ్లు. మునిసిపల్ కుళాయి ఉందా, ఎన్ని గంటలు వస్తుంది, మే నెలలో ట్యాంకర్లు ఎన్ని తెప్పించారు, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే ఉందా విడిగా వేస్తారా? సెక్రటరీని అడిగితే నవ్వుతారు, అద్దెకున్నవాళ్లని అడగండి. రెండోది హైవే. ఇల్లు ఒకవైపు, స్కూలు మరోవైపు అయితే పిల్లలు రోజూ రహదారి దాటాలి. స్కూలు బస్సు మీ వైపు సర్వీసు రోడ్డులోకి వస్తుందా, అవతల నిలబడి హారన్ కొడుతుందా? మూడోది కొండ. అక్కడ భవనాలు కొండవాలుని తవ్వి కడుతున్నారు. వెనక గోడ ఎంత గట్టిది, కొండమీంచి దిగే గెడ్డ (వాగు) ఎటు పోతుంది అన్నది జూలైలో వాన పడుతుండగా చూస్తే ఎవర్నీ అడగనక్కర్లేదు. ఇంకోటి, అక్కడి క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ ఉన్నరోజు ట్రాఫిక్ మళ్లిస్తారు, ఆరోజు మీవారికి ఇంటినుంచి పని పెట్టించండి.

బాబు స్కూలు విషయంలో ఒకటే మాట. సీబీఎస్‌ఈ నుంచి సీబీఎస్‌ఈకి అయితే ఎనిమిది అయ్యాక తొమ్మిదిలో చేర్చడం తేలిక, ఎందుకంటే బోర్డు రిజిస్ట్రేషన్ తొమ్మిదిలో మొదలవుతుంది. పదిలో మారాలంటే బోర్డు అనుమతి కావాలి. రావడం ఏడాది వాయిదా వేయాలా అని అడిగారు కదా, అందుకే వేయకండి. స్కూలు ముందు ఖాయం చేసుకుని, దాని బస్సు తిరిగే వీధుల్లో ఇల్లు చూడండి. చాలామంది ఇల్లు చూసుకుని స్కూలు వెతుకుతారు, అప్పుడు పిల్లలు ఆరున్నరకే రోడ్డుమీద నిలబడాలి.

పెందుర్తి స్థలం. చవగ్గా వస్తుందంటే ఎందుకు చవగో చూడాలి. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి, వీటిని ఇక్కడ పంచగ్రామాలంటారు. సింహాచలం దేవస్థానం భూముల వివాదం అక్కడ దశాబ్దాలుగా నలుగుతోంది. ఇళ్లున్నాయి, కరెంటు మీటర్లున్నాయి, జనం కాపురాలు చేస్తున్నారు, రిజిస్ట్రేషన్ దగ్గరే చిక్కు. నోటరీ కాగితం మీద అమ్ముతామని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి. ఊళ్లో ఏ మూల కొన్నా సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోవాలి, కొండవాలు స్థలాలకి అయితే మరీనూ. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఆనందపురం, తగరపువలస దాకా అమ్మేవాళ్లు ఫోన్లు చేస్తారు, మెట్రో స్టేషన్ మీ గేటు ముందే అంటారు. మీరు ఊరికి కొత్త అని వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

ఊరికి పడమర, దక్షిణం వైపు మీకు పనిలేదు కాబట్టి క్లుప్తంగా. గాజువాక, కూర్మన్నపాలెం స్టీల్‌ప్లాంట్, పరవాడ ఉద్యోగులకి సరైనవి, బజారు బాగుంటుంది, లారీలు ఎక్కువ. వేసవిలో పేపర్లో వాల్తేరు, విమానాశ్రయం ఉష్ణోగ్రతలు విడివిడిగా వేస్తారు, విమానాశ్రయం వైపు ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది. షీలానగర్‌లో ఉన్నన్నాళ్లూ ఆ తేడా ఒంటికి తెలిసింది. వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు పోర్టు బొగ్గు దుమ్ము గురించి జనం ఏళ్లుగా మొత్తుకుంటున్నారు, ఉబ్బసం ఉన్నవాళ్లుంటే అటు చూడొద్దు. గోపాలపట్నం దగ్గర ఆర్ఆర్ వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు, ఊళ్లకి ఊళ్లు ఇళ్లు వదిలి పరిగెత్తాయి. అప్పట్నుంచి నేను ఏ ఇల్లు చూసినా చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ ఉందో అడుగుతాను. పారిశ్రామిక నగరంలో ఆ ప్రశ్న అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మరి మురళీనగర్ మాట చెప్పలేదే అంటారేమో. కొండ కింద ప్రశాంతంగా, చెట్లతో, కూతవేటులో ఎన్‌ఏడీతో మాకు ఎంతో బాగుంది. కానీ మీవారు రోజూ ఊరు మొత్తం దాటి రుషికొండ చేరాలి. అందుకే సిఫార్సు చేయలేదు.

ఇల్లు చూడటానికి రెండ్రోజులు కేటాయించుకుని రండి, అందులో ఒకటి పనిరోజై ఉండాలి. ఆదివారం ఈ ఊరు ఎక్కడైనా దగ్గరే అనిపిస్తుంది. పొద్దున ఎనిమిదిన్నరకి ఆ ఇంటి నుంచి ఆఫీసుకి, సాయంత్రం ఆరున్నరకి తిరిగి ఇంటికి ఒకసారి వెళ్లి రండి. పగలు సర్వీస్ ఆటో (షేర్ ఆటో) ఎక్కి ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు దాకా పోయి చూడండి, కారు లేనప్పుడు మీకు దిక్కు అవే. స్కూలు ఏదో తేలాక ఇక్కడే రాయండి, ఎంవీపీ అయితే ఏ సెక్టారులో వెతకాలో, ఏ వీధిలో వాననీళ్లు నిలుస్తాయో చెబుతాను.