పళ్ల డాక్టర్‌నే, కానీ నా మెడనొప్పి తగ్గట్లేదు!

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఖమ్మంలో డెంటల్ క్లినిక్ ఉంది. ఏడాదిగా మెడ, కుడి భుజం నొప్పి. మూడు నెలలుగా రాత్రిళ్లు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ప్రాక్టీస్ తగ్గించుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ప్రాక్టీస్ సంగతి తర్వాత డాక్టర్ గారూ, ముందు మీరు కూర్చునే తీరు చూద్దాం. రాత్రిపూట ఆ వేళ్లే తిమ్మిరెక్కడం, విదిలిస్తే తగ్గడం చూస్తే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్నట్టుంది, అదే కార్పల్ టన్నెల్. మెడలో నరం నొక్కుకున్నా ఇలా ఉండొచ్చు కాబట్టి నెర్వ్ కండక్షన్ టెస్ట్ (నరంలో సంకేతాలు ఎంత బాగా వెళ్తున్నాయో చూసే పరీక్ష) చేయించండి. షుగర్, థైరాయిడ్ కూడా చూపించుకోండి.

ఇక మెడ. రేపు మీరు పై దవడలో చివరి పన్ను చేస్తుండగా అసిస్టెంట్‌తో పక్క నుంచి ఒక ఫొటో తీయించుకోండి. తల ముందుకు వాలి, ఓ పక్కకు తిరిగి, కుడి మోచెయ్యి కోడి రెక్కలా పైకి లేచి ఉంటుందని నా అనుమానం. తల బరువే నాలుగున్నర, ఐదు కిలోలు, దాన్ని అలా వేలాడదీసి అరగంట కదలకుండా ఉంటే మెడ వెనక కండరాలు పట్టేయవా మరి?

చాలాసార్లు దీనికి కారణం మొహమాటం. పేషెంట్ ‘పూర్తిగా పడుకోలేను డాక్టర్’ అనగానే కుర్చీ సగం లేపి, ఆ సగం వంపు మీరు తీసుకుంటారు! ఆయాసం ఉన్నవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు అయితే సరే, వాళ్ల పని చిన్న చిన్న సిట్టింగుల్లో చేయండి. మిగతావాళ్లకు పై పళ్లయితే పూర్తిగా పడుకోబెట్టి గడ్డం పైకెత్తించండి, కింది పళ్లయితే వీపు కాస్త లేపి గడ్డం దించమనండి. నోరు మీ మోచేతి ఎత్తులో ఉండాలి. మెడ వంపు 20 డిగ్రీలు దాటకూడదు. చూపు అందకపోతే మీరు తిరగొద్దు, పేషెంట్ తలే తిప్పించండి. కాలేజీలో నేర్పిన అద్దం పని, అదే నోట్లో చిన్న అద్దం పెట్టి అందులో చూస్తూ చేయడం, గుర్తుందా, దాన్ని మళ్లీ మొదలుపెట్టండి. పేషెంట్ ముఖాన్ని గడియారం అనుకుంటే, పొద్దస్తమానం పక్కనున్న తొమ్మిది గంటల స్థానంలోనే కూర్చోకుండా తల వెనక పన్నెండుకి జరగండి.

లూప్స్ (కళ్లజోడుకు బిగించే భూతద్దాలు) కొంటానంటే కొనండి, కానీ మీ కంటి నుంచి పేషెంట్ నోటికి ఉన్న దూరం, కిందికి చూసే కోణం మీరు సరిగ్గా కూర్చుని ఉండగా కొలిపించుకోవాలి. కోణం తప్పితే బోలెడు డబ్బు పోసి మెడ ఇంకా వంచుకున్నట్టే.

చేతికి: పళ్ల గార తీసే మొద్దుబారిన స్కేలర్‌తో గట్టిగా నొక్కి లాగడం మానండి, పదును పెట్టించండి. లావుగా, తేలికగా ఉండే పిడులు మేలు. వరసగా నాలుగు స్కేలింగులు ఇవ్వొద్దని రిసెప్షన్‌లో చెప్పండి. గ్లవ్స్ బొటనవేలి మొదట్లో బిగుతుగా లాగుతుంటే సైజు మార్చండి. రాత్రిపూట మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకుని పడుకుంటే చాలామందికి కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. నొప్పి బిళ్లలు మాత్రం రోజూ మింగకండి, కడుపు, కిడ్నీలు పాడవుతాయి.

చేతిలోంచి పరికరాలు జారిపోతున్నా, బొటనవేలి కింద కండ తగ్గినట్టనిపించినా, నడకలో తూలుతున్నా ఇవన్నీ చేస్తూ కూర్చోకుండా వెంటనే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి.