కొట్టని వరుస ఏది?

విశాఖపట్నం

తమ్ముడూ,

మీ కేలండులా సాగు మీద నీ వ్యాసం చదివాను, అదే, మందుల్లోకి పోయే ఆ బంతిలాంటి పువ్వు మీద. మీ అమ్మగారు రేకుల్ని నీడలో ఆరబోసి, ఎండ పొడ పడ్డప్పుడల్లా చాప పక్కకు లాగే ముక్క బాగుంది. కానీ ఆకుల మీద పిచికారీ చేసే సూక్ష్మపోషకాల గురించి "జింకు, బోరాన్ కొట్టగానే చేను పులకించింది" అన్నావే, అక్కడ నాకు కోపం వచ్చింది. ఎంత కొట్టారు? ఏ దశలో? అన్నిటికన్నా ముందు, అవి కొట్టని వరుస ఏది?

ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. జింకు కొట్టిన వరుసల పక్కనే, చేలో రెండు మూడు చోట్ల, పోల్చి చూడ్డానికి ఉత్త నీళ్లు కొట్టిన వరుసలు ఉండాలి. పూలు పెరిగింది జింకు వల్లా, ఆకు తడిసినందుకా, ఆ వారం చలి పడ్డందుకా అన్నది అవే చెబుతాయి. అవి లేకుండా రాస్తే అది మందుల షాపు కరపత్రం.

ముందు ఆకు చూడు. లేతాకుల ఈనెలు ఆకుపచ్చగానే ఉండి మధ్యంతా పసుపెక్కితే ఇనుము లోపం. కణుపులు దగ్గరపడి ఆకులు చిన్నబోతే జింకు. చిగురు మాడి, పూలు వంకర తిరిగితే బోరాన్‌ని అనుమానించాలి. ఇనుముకి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి కొడతారు. నిమ్మ ఉప్పు మరిస్తే ట్యాంకులో నీళ్లు తుప్పు రంగుకు తిరుగుతాయి, ఆ ఇనుము ఆకుకు అందదు. ఆ రంగు నీ వ్యాసంలో కనబడితే రైతు నిన్ను నమ్ముతాడు.

చాలా ఏళ్ల కిందట ఆనందపురం వైపు బంతి తోటల మీద ఒక పత్రికకి రాశాను. ఉత్త నీళ్ల వరుస సంగతి, ఉదయమో సాయంత్రమో మాత్రమే కొట్టమన్న వాక్యం, రెండూ చోటు చాలదని ఎడిటర్ కోసేశాడు. పైన మాత్రం "ఆకుకు చుక్క, పూలకు లేదు లెక్క" అని పెద్ద హెడ్డింగు. అది చదివి ఒక రైతు మిట్టమధ్యాహ్నం కొట్టాడు. అంచులు మాడిన ఆకులు పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. ఇప్పటి విజయగాథల ఫ్యాషనూ అదే. లాభం అంకె పైనే ఉంటుంది, మోతాదు వెతికినా దొరకదు.

పైగా ఇది ఔషధానికి పోయే పువ్వు. బంతిలా బుట్టల లెక్క చాలదు. ఆరిన రేకుల బరువెంత, అందులో ఔషధ గుణమున్న పదార్థాలు ఎంత అన్నది ల్యాబులో తేలాలి. పూలు ఎక్కువ పూశాయి కదా అని అవీ పెరిగాయని రాసేయకు.

ఈ చలికాలం ఆ ఉత్త నీళ్ల వరుసలు పెట్టించు. జింకు వరుసల పూలూ, ఉత్త నీళ్ల వరుసల పూలూ విడివిడిగా ఆరబోసి, తూచి, మళ్లీ రాసి పంపు. ఎడిటర్‌కి నేనే ఫోన్ చేస్తాను. ఈసారి ఒక్క వాక్యం కూడా కోయనివ్వను.

నీ శ్రేయోభిలాషి