లోపల ఖాళీ, బయట కిటకిట

ప్రశ్న: మేడమ్, నాది గాజువాక, బీటెక్ మూడో సంవత్సరం. నా ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది. విండోస్ 11లో డబ్ల్యుఎస్‌ఎల్ 2 (విండోస్ లోపలే లైనక్స్ నడిపే సదుపాయం) పెట్టుకుని ఉబుంటు అనే లైనక్స్ వాడుతున్నాను. ప్రాజెక్టు బిల్డ్ అయ్యాక లోపల అన్నీ మూసేస్తాను. అయినా టాస్క్ మేనేజర్‌లో వీఎమ్‌మెమ్ అనేది 7 జీబీ దగ్గరే ఉండిపోతోంది. ఆ తర్వాత బ్రౌజర్ తెరిస్తే ల్యాప్‌టాప్ నత్తనడకే. షాపులో ఇంకో ర్యామ్ వేయించుకోమంటున్నారు. వేయించాలా?

జవాబు: ఇప్పుడే వద్దు బాబూ. ముందు ఒక పని చెయ్యి. ఉబుంటులో ‘ఫ్రీ’ అనే కమాండ్ కొట్టి, వచ్చిన వరసలో ‘బఫ్/క్యాష్’ అన్న గడి చూడు. నీ 7 జీబీలో ఎక్కువ భాగం అక్కడే కనిపిస్తుంది. బిల్డ్ చేసేటప్పుడు వేల ఫైళ్లు చదువుతావు కదా, వాటి కాపీలను లైనక్స్ ర్యామ్‌లో దాచుకుంటుంది, ఆ దాపుడే క్యాష్. మళ్లీ అడిగితే డిస్కు దాకా పోకుండా ఇవ్వొచ్చని దాని ఆలోచన. ఎవరికైనా చోటు కావాలంటే అప్పటికప్పుడు తీసేస్తుంది కాబట్టి దాన్ని ఖాళీ కిందే లెక్క వేసుకుని, చివరి గడిలో ‘అవైలబుల్’ అని చూపిస్తుంది. ఆ లెక్క లైనక్స్ వరకు సరైనదే. కానీ ఆ సంగతి బయట విండోస్‌కి తెలియదు. ఎందుకంటే నీ ఉబుంటు నడిచేది ఒక వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఇంకో కంప్యూటర్‌లో. టాస్క్ మేనేజర్‌లో వీఎమ్‌మెమ్ అని కనిపించేది అదే.

టెంట్‌హౌస్ వాళ్ల కుర్చీల సంగతి ఊహించుకో. పెళ్లివారు 100 కుర్చీలు చెబుతారు. షాపాయన అన్నీ ఒకేసారి పంపడు, జనం వస్తున్న కొద్దీ పంపుతాడు. వర్చువల్ మెషీన్‌కి కూడా నువ్వు 8 జీబీ అని రాసిస్తే, చాలావరకు హోస్టు, అంటే దాన్ని నడిపే బయటి అసలు సిస్టమ్, అదంతా ముందే ఇచ్చెయ్యదు. లోపలి సిస్టమ్ ఒక పేజీని, అంటే 4 కేబీ ముక్కని, మొదటిసారి ముట్టుకున్నప్పుడే అసలు ర్యామ్‌లో చోటు ఇస్తుంది. చిక్కల్లా తిరిగి తీసుకోవడంలోనే. భోజనాలయ్యాక పెళ్లివారు కుర్చీలన్నీ పెరట్లో ఒక మూల పేర్చేస్తారు. వాళ్లకవి ఖాళీ కుర్చీలు. షాపాయన పుస్తకంలో మాత్రం అవి పెళ్లివారింట్లోనే ఉన్నాయి. ఎవరో ఒకరు కబురు చెయ్యాలి.

ఈ కబురు లేకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన విశాఖ మీద తీరం దాటినప్పుడు రుషికొండ వైపు ఒక ఆఫీసులో సర్వర్లు చూసేదాన్ని. కరెంటు లేదు, జనరేటర్‌కి డీజిల్ కోసం క్యూలు. మూడు సర్వర్లు నడపలేక, 11 వర్చువల్ మెషీన్లనూ ఒక్కదాని మీదికే మార్చాం. దాని ర్యామ్ 64 జీబీ. ఒక్కో మెషీన్‌కి 8 చొప్పున రాసిచ్చింది మొత్తం 88. పగలంతా ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే ఏ మెషీనూ తన 8 జీబీని పూర్తిగా ముట్టుకోలేదు. రాత్రి 2 గంటలకు బ్యాకప్ మొదలైంది. 11 మెషీన్లూ తమ ఫైళ్లన్నీ చదివాయి, 11 చోట్లా క్యాష్ నిండింది. తెల్లారి చూస్తే ఏదీ పలకదు. ఏ మెషీన్‌లో చూసినా 5, 6 జీబీ అవైలబుల్ అనే ఉంది. బయట సర్వర్‌లో ర్యామ్ అయిపోయి, మెమరీ డిస్కు మీదికి స్వాప్ అవుతోంది, అంటే ర్యామ్‌లో ఉన్నదాన్ని నెమ్మదైన డిస్కు మీదికి తోసేస్తోంది. లోపలి లెక్క నమ్మి రెండు గంటలు నెట్‌వర్క్‌లో తప్పు వెతికాను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

చివరికి ఒక్కో మెషీన్‌నీ రీస్టార్ట్ చేశాను. ఒక్క జీబీ కూడా దిగలేదు! మేం వాడేది కేవీఎమ్, లైనక్స్ మీద వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్. అందులో లోపల రీస్టార్ట్ అయినా, ఆ మెషీన్‌ని నడిపే ప్రాసెస్ హోస్టు మీద అలాగే బతికి ఉంటుంది, తీసుకున్న పేజీలు దాని పేరు మీదే ఉంటాయి. పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తేనే మెమరీ వెనక్కి వచ్చింది. దీన్ని మాత్రం మర్చిపోకు.

ఆ కబురు చేసే మనిషి పేరు బెలూన్ డ్రైవర్, లోపలి సిస్టమ్‌లో నడిచే ఒక చిన్న ప్రోగ్రామ్. వర్చువల్ మెషీన్లు నడిపే వీఎమ్‌వేర్ ఈఎస్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ గురించి కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002లో రాసిన పరిశోధనా పత్రం ఈ పద్ధతిని వివరంగా చెప్పింది. షాపాయన తన కుర్రాణ్ణి చుట్టంలా లోపలికి పంపి, ‘నాకో 30 కుర్చీలు ఇప్పించండి’ అనిపిస్తాడన్నమాట. పెళ్లివారు ఖాళీవే చూసి ఇస్తారు. కుర్రాడు వాటిలో కూర్చోడు, బండెక్కించి పంపేస్తాడు. కుర్రాడు మరీ ఎక్కువ అడిగితే కూర్చున్న ముసలివాళ్లని లేపాల్సి వస్తుంది, అంటే లోపలి సిస్టమే స్వాప్‌లోకి పోతుంది. అందుకే బెలూన్‌ని హద్దు దాటి ఊదకూడదు. 2020లో వచ్చిన లైనక్స్ 5.7 నుంచి ఇంకో సదుపాయం ఉంది: ఖాళీ అయిన పేజీల సంగతి లోపలి సిస్టమే హోస్టుకి చెప్పగలదు, ఎవరూ వెళ్లి అడగక్కర్లేదు.

నీ డబ్ల్యుఎస్‌ఎల్ 2లో కూడా ప్రోగ్రామ్ మూస్తే ఖాళీ అయిన పేజీలు విండోస్‌కి వెళ్తాయి. క్యాష్ పేజీలు ఖాళీవి కావు కాబట్టి ఆగిపోతాయి. మామూలుగా డబ్ల్యుఎస్‌ఎల్ 2 నీ ర్యామ్‌లో సగం దాకా, అంటే 8 జీబీ వరకు వాడుకోగలదు. నీ యూజర్ ఫోల్డర్‌లో డాట్ డబ్ల్యుఎస్‌ఎల్‌కాన్ఫిగ్ అనే ఫైలు పెట్టి, డబ్ల్యుఎస్‌ఎల్2 అన్న భాగంలో మెమరీని 4 జీబీ చెయ్యి. 2023లో ఆటోమెమరీరీక్లెయిమ్ అనే సెట్టింగ్ కూడా వచ్చింది. దానికి ‘గ్రాడ్యువల్’ అని ఇస్తే, పనేమీ లేనప్పుడు క్యాష్‌ని మెల్లమెల్లగా వదులుతుంది. ఆ రోజుకి ఉబుంటుతో పని అయిపోతే, విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో డబ్ల్యుఎస్‌ఎల్ అని, స్పేస్, రెండు హైఫన్లు, షట్‌డౌన్ అని కొట్టు. వీఎమ్‌మెమ్ కనిపించకుండా పోతుంది. ఇవన్నీ చేశాక, బిల్డ్ నడుస్తుండగానే ‘అవైలబుల్’ సున్నాకి దగ్గరపడితే అప్పుడు ర్యామ్ కొను, అది నిజమైన అవసరం.

ప్రశ్న: వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో వర్చువల్ మెషీన్‌ని పాజ్ చేస్తే మెమరీ తిరిగి వస్తుందా? (సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రాదండీ. పాజ్‌లో ప్రాసెసర్ పని ఆగుతుంది గానీ ర్యామ్ పట్టుకునే ఉంటుంది. మూసేటప్పుడు ‘సేవ్ ది మెషీన్ స్టేట్’ ఎంచుకోండి. మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద ఫైలుగా రాసి, ర్యామ్ వదిలేస్తుంది. రేపు తెరిచినప్పుడు ఆపిన చోటి నుంచే మొదలవుతుంది. డిస్కులో అంత చోటు ఉందో లేదో మాత్రం ముందు చూసుకోండి.