హెడ్‌సెట్ ఉంది, బటన్ మాత్రం పనిచేయదు

ప్రశ్న: ఉబుంటు లినక్స్‌లో త్రీజేఎస్ అనే త్రీడీ జావాస్క్రిప్ట్ లైబ్రరీతో చిన్న వీఆర్ పేజీ రాస్తున్నాను. క్వెస్ట్ హెడ్‌సెట్‌ను కేబుల్‌తో తగిలించి ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో పేజీ తెరిస్తే బటన్ చోట ‘వీఆర్ నాట్ సపోర్టెడ్’ అని వస్తోంది. స్టీమ్‌వీఆర్ వేశాను, తీసేశాను, మొనాడో వేశాను. చివరికి హెడ్‌సెట్ బ్రౌజర్‌లోనే ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ కొడితే ‘వెబ్‌ఎక్స్‌ఆర్ నీడ్స్ హెచ్‌టీటీపీఎస్’ అంటోంది. రెండు రోజులు పోయాయండీ. అసలు ఏం ఇన్‌స్టాల్ చేయాలి?

జవాబు: మీరు చివర్లో చేసిన పనే సరైనది, దాన్ని వదిలేయకండి. స్టీమ్‌వీఆర్, మొనాడో రెండూ బొమ్మను పీసీ గీసి హెడ్‌సెట్‌కు పంపే పద్ధతికి పనికొచ్చేవి. మీ హెడ్‌సెట్‌లో ప్రాసెసర్, బ్రౌజర్ దానికే ఉన్నాయి కాబట్టి పేజీని అక్కడే నడవనిచ్చి, లినక్స్‌ను ఉత్త సర్వర్‌గా వాడుకోండి.

కావాల్సింది ఏడీబీ (కేబుల్ ద్వారా ఆండ్రాయిడ్ పరికరంతో మాట్లాడే టూల్) ఒక్కటే, ఉబుంటులో ప్యాకేజీలు వేసే ఆప్ట్‌తో వచ్చేస్తుంది. ఫోన్ యాప్‌లో హెడ్‌సెట్‌కు డెవలపర్ మోడ్ ఆన్ చేసి, కేబుల్ పెట్టి, టెర్మినల్‌లో ‘ఏడీబీ డివైజెస్’ కొట్టండి. ‘అన్‌ఆథరైజ్డ్’ అని వస్తే హెడ్‌సెట్ తలకు పెట్టుకుని చూడండి, అనుమతి అడిగే బాక్స్ లోపల కనిపిస్తుంది (మనం ల్యాప్‌టాప్ వైపే చూస్తూ కూర్చుంటాం, నేనూ అంతే). ‘నో పర్మిషన్స్’ అని వస్తే అది యూడెవ్ రూల్స్ (యూఎస్‌బీ పరికరాన్ని ఎవరు వాడొచ్చో లినక్స్ చూసుకునే నియమాలు) గొడవ, ‘ఆండ్రాయిడ్-ఎస్‌డీకే-ప్లాట్‌ఫామ్-టూల్స్-కామన్’ ప్యాకేజీ వేసి కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, నెట్టుకురావద్దు.

మీ సర్వర్ 8080 పోర్టులో ఉందనుకుంటే ‘ఏడీబీ రివర్స్ టీసీపీ:8080 టీసీపీ:8080’ ఇచ్చి, హెడ్‌సెట్ బ్రౌజర్‌లో ‘లోకల్‌హోస్ట్:8080’ తెరవండి, ఆ అడ్రస్ కేబుల్ మీదుగా ల్యాప్‌టాప్ సర్వర్‌కే వెళ్తుంది. బ్రౌజర్ సురక్షితం అనుకున్న పేజీకే వెబ్‌ఎక్స్‌ఆర్ (పేజీని వీఆర్ హెడ్‌సెట్‌తో కలిపే బ్రౌజర్ సదుపాయం) దొరుకుతుంది. వైఫై ఐపీ మీద మామూలు హెచ్‌టీటీపీ ఆ లెక్కలోకి రాదు, లోకల్‌హోస్ట్ మాత్రం వస్తుంది, అందుకే సర్టిఫికెట్ల తలనొప్పి లేకుండా బటన్ పనిచేస్తుంది. కేబుల్ ఊడితే ఆ కమాండ్ మళ్లీ ఇవ్వాలి, అది మర్చిపోయి కోడ్‌లో తప్పు వెతకకండి.

ఎర్రర్లు చూడటానికి ల్యాప్‌టాప్ క్రోమ్‌లో ‘క్రోమ్://ఇన్‌స్పెక్ట్’ తెరిస్తే హెడ్‌సెట్ ట్యాబ్ కనిపిస్తుంది, కన్సోల్ మొత్తం మీ చేతిలోనే. సొంత బటన్ రాసుకుంటే వీఆర్ సెషన్ మొదలుపెట్టమని అడిగే లైను క్లిక్ ఫంక్షన్‌లోనే ఉండాలి, పేజీ లోడ్ కాగానే అడిగితే బ్రౌజర్ ఒప్పుకోదు. రంగు మార్చడం, బొమ్మ జరపడం లాంటి చిన్న పనులకు మాటిమాటికీ హెడ్‌సెట్ పెట్టుకోవడం విసుగు, వాటికి ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లోనే హెడ్‌సెట్‌ను అనుకరించే ఇమ్మర్సివ్ వెబ్ ఎమ్యులేటర్ ఎక్స్‌టెన్షన్ చాలు. మొనాడో అంటారా, పీసీకే తగిలించే హెడ్‌సెట్ కొన్న రోజు చూద్దాం.