సముద్ర ప్రవాహాలు కొలిచే కొలువుకు ఏ దారి?

ప్రశ్న: మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్ చివరి ఏడాది చదువుతోంది. సముద్ర ప్రవాహాలను కొలిచే రంగంలోకి వెళ్తానంటోంది. నెలల తరబడి ఓడ మీదే ఉండాలా? ఏ కోర్సు చదివించాలి?
- ఓ తండ్రి, సోంపేట

జవాబు: ఓడ గురించి బెంగ వద్దండి. ఈ పనిలో ఎక్కువ కాలం గడిచేది కంప్యూటర్ ముందే. అసలు పని ఏమిటో అమ్మాయికి ముందే తెలియడం మంచిది.

మన తీరం వెంట ప్రవాహం మార్చి, ఏప్రిల్‌లలో ఒడిశా వైపు, నవంబరులో తమిళనాడు వైపు సాగుతుంది. దాన్ని కొలవడానికి ఏడీసీపీ (ధ్వనితో ప్రవాహ వేగాన్ని కొలిచే యంత్రం) అనే పరికరాన్ని లంగరు తాడుకు బిగించి, పైకి చూసేలా నీళ్లలో నిలుపుతారు. అది ధ్వని తరంగాలు పంపుతుంది. నీటితో పాటు కొట్టుకుపోయే ప్లవకాలకు (చిన్న చిన్న జీవులకు) తగిలి వెనక్కొచ్చిన ధ్వని ఫ్రీక్వెన్సీలో ఎంత మార్పు ఉందో చూసి, ఒక్కో లోతులో వేగం లెక్కకడతారు. సగటు వేగం సెకనుకు అర మీటరు, వెడల్పు 100 కి.మీ., లోతు 100 మీటర్లు అనుకుంటే సెకనుకు 50 లక్షల ఘనపు మీటర్ల నీరు. ఈ రంగంలోవాళ్లు దాన్ని 5 స్వెర్‌డ్రప్‌లు అంటారు (ఒక స్వెర్‌డ్రప్ అంటే సెకనుకు 10 లక్షల ఘనపు మీటర్లు). ఫ్లోరిడా జలసంధిలో అయితే సుమారు 32.

గుణకారం వరకు ఎవరైనా చేస్తారు. చిక్కులన్నీ డేటాలోనే. 150 మీటర్ల లోతులో నిలిపిన పరికరం ధ్వని పుంజాలు నిలువు నుంచి 20 డిగ్రీలు వాలి ఉంటే, పై 9 మీటర్ల విలువలు పనికిరావు. నీటి ఉపరితలం నుంచి వచ్చే బలమైన ప్రతిధ్వని అసలు సంకేతాన్ని మింగేస్తుంది. పరికరం తూర్పు, ఉత్తర దిశల్లో వేగాలిస్తుంది. మన తీరమేమో ఈశాన్యానికి సాగి ఉంటుంది కాబట్టి వాటిని తీరం దిశకు తిప్పుకోవాలి. దిక్సూచి 2 డిగ్రీలు తప్పినా, తీరం వెంట సెకనుకు మీటరు వేగంతో పోయే నీరు తీరానికి అడ్డంగా 3.5 సెం.మీ. వేగంతో కదులుతున్నట్టు చూపిస్తుంది. ట్రాలర్ వలకు చిక్కి తాడు తెగి, పరికరం దొరక్కపోతే అందులోని డేటా మొత్తం గల్లంతే.

అందుకే వెక్టర్లు, ఫూరియర్ విశ్లేషణ (సంకేతాన్ని వేర్వేరు ఫ్రీక్వెన్సీలుగా విడదీసే గణితం), పైథాన్ ప్రోగ్రామింగ్ గట్టిగా రావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెటియోరాలజీ, ఓషనోగ్రఫీ విభాగం ఉంది. పీజీ ప్రవేశ పరీక్ష అయిన ఏపీ పీజీసెట్ నోటిఫికేషన్‌లో అర్హతలు చూసుకోండి. పీజీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపరు, లేదా గేట్ ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపరులో అట్మాస్ఫియరిక్ అండ్ ఓషియానిక్ సైన్సెస్ విభాగం రాయొచ్చు. నెట్ ద్వారా జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేల రూపాయలు. విశాఖలోని ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రం, హైదరాబాద్ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల కేంద్రం), చెన్నై ఎన్‌ఐఓటీ (సముద్ర సాంకేతిక సంస్థ) ప్రకటనలు గమనిస్తుండాలి. మొదట దొరికేవి ఎక్కువగా కాంట్రాక్టు ప్రాజెక్టు పోస్టులే. వెంటనే పర్మనెంట్ ఉద్యోగం అనుకుంటే మాత్రం ఈ దారి కుదరదు.

ఫీజు కట్టేముందు ఒక పని చేయించండి. సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలతలు తీసే ఆర్గో ఫ్లోట్ల డేటా ఉచితంగా దొరుకుతుంది. బంగాళాఖాతంలోని ఒక ఫ్లోట్ తీసుకుని, లోతును బట్టి ఉష్ణోగ్రత, లవణీయత ఎలా మారాయో గ్రాఫ్ గీయమనండి. క్వాలిటీ ఫ్లాగ్‌లు (ఒక్కో విలువ ఎంత నమ్మదగిందో చెప్పే గుర్తులు) చూస్తూ చెడ్డ విలువలు ఏరడం విసుగనిపించకపోతే, నిశ్చింతగా దరఖాస్తు పెట్టించండి.