ఏడీహెచ్‌డీ ఉన్న బాబును క్లాసులో ఎవరూ ఆటకు రానివ్వకపోతే

మీ బాబుకు ఎనిమిదేళ్లని, ఏడీహెచ్‌డీ (దేనిమీదా దృష్టి నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, ఆగలేకపోవడం) వల్ల క్లాసులో ఎవరూ ఆటలో కలుపుకోవడం లేదని, రోజూ బుద్ధులు చెప్పి పంపుతున్నా మార్పు లేదని రాశారు. అలా చెప్పి పంపితే మార్పు రావడం కష్టమే. వంతు వచ్చేదాకా ఆగాలని తనకు తెలియక కాదు. అడిగితే తడుముకోకుండా చెప్తాడు. ఆట వేడిలో ఉన్నప్పుడు ఆ తెలిసింది అక్కరకు రాదు. అందుకే ఆడే చోట, ఆ నిమిషానికి అందే చిన్న సాయం కావాలి.

క్లాసంతటినీ మెప్పించే ప్రయత్నం ఇప్పుడే వద్దు. ముందు ఒక్క స్నేహితుడు కుదరాలి. నెమ్మదస్తుడు, బాబు ఇష్టాలతో కలిసేవాడు ఎవరో టీచర్ని అడగండి. ఆ ఒక్కణ్ణే ఇంటికి పిలవండి. ముగ్గురైతే ఇద్దరు జట్టు కడతారు, మిగిలిపోయేది చాలాసార్లు మీ బాబే. మొదటిసారి గంట చాలు. తను ఎవరినీ ముట్టుకోనివ్వని బొమ్మలు ముందే దాచేయండి. గెలుపోటములుండే ఆటలు, వీడియో గేములు పక్కన పెట్టి, బ్లాకులతో ఏదైనా కట్టడం, రంగులు వేయడం లాంటివి సిద్ధంగా ఉంచండి. నియమం ఒక్కటే: మొదటి ఆట ఏదో వచ్చినవాడు చెప్తాడు. స్నేహితుడు గుమ్మంలోకి వచ్చే ముందు దాన్ని బాబు చేతే చెప్పించండి. గొంతు పెరుగుతుంటే ముందే అనుకున్న సైగ చేయండి, లేదా మంచినీళ్ల నెపంతో లోపలికి పిలవండి. ఎదుటివాడి ముందు మాత్రం మందలించకండి.

చాలామంది తప్పటడుగు వేసేది చివర్లో. బాగా ఆడుకుంటున్నారు కదా అని ఇంకో గంట పొడిగిస్తారు. అలిసిపోయాక గొడవ వస్తుంది, ఇద్దరికీ అదే గుర్తుండిపోతుంది. ఆట బాగా సాగుతుండగానే ముగించండి.

ఇక బడి. టీచర్ ఎలా చూస్తే పిల్లలూ అలాగే చూస్తారు. రోజుకు పదిసార్లు పేరు పెట్టి అరిస్తే 'అల్లరివాడు' అనే ముద్ర పడిపోతుంది. మందలింపు దగ్గరికొచ్చి మెల్లగా, మెప్పు అందరికీ వినపడేలా ఉండాలని టీచర్ని కోరండి. ఆ మెప్పు నిజంగా చేసిన పనికే దక్కాలి. ఉత్తి పొగడ్తను పిల్లలు ఇట్టే పసిగడతారు. జట్లు పిల్లలకు వదలకుండా టీచరే వేయడం కూడా అవసరం. చివరిదాకా ఎవరూ ఎంచుకోక నిలబడడం ఏ పిల్లవాడికైనా నరకం.

మందు వాడుతున్నా ఇదంతా తప్పదు. 1990ల్లో అమెరికా, కెనడాల్లో ఏడీహెచ్‌డీ ఉన్న 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 579 మందితో, చికిత్సలను పోల్చి చూసే ఎంటీఏ అనే అధ్యయనం జరిగింది. 14 నెలల చికిత్సలో మందు లక్షణాలను బాగా తగ్గించింది, కానీ తోటిపిల్లల్లో ఆదరణ ఆ మేరకు పెరగలేదు. ప్రవర్తన మారినా పడిన పేరు అంత త్వరగా మారదు.

ఏడీహెచ్‌డీ సంగతి క్లాసులో చెప్పాలా అన్నారు. బాబు ఇష్టపడకపోతే చెప్పకండి. 'నాకు ఆగడం కష్టం, మర్చిపోతే గుర్తు చెయ్యి' అని ఆ ఒక్క స్నేహితుడితో తనే అనగలిగేలా సాధన చేయించండి.