అంచు ఏదిరా?

చిట్టీ,

"దీనికి పీహెచ్‌డీ సీటొచ్చిందిరా, బ్లాక్‌హోల్స్ మీదట. రేపు ఎవరు ఉద్యోగమిస్తారు?" అని అక్క ఫోన్ చేసింది. దానికి సర్దిచెప్పాను గానీ, ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. సంతోషమో టెన్షనో!

జాకివ్-టైటెల్‌బోయిమ్ గురుత్వంతో మొదలుపెడతావట. మంచిదే. స్థలానికి ఒక్క దిశ, కాలానికి ఒకటి. చేత్తో లెక్కకట్టగలిగిన బ్లాక్‌హోల్ అది. దానికి జోడీ అయిన క్వాంటం కణాల మోడల్, ఎస్‌వైకే మోడల్ కూడా పక్కనే చదువుకో. బ్లాక్‌హోల్ లోపలి చోటు పెరగడం, దాని క్వాంటం స్థితిని తయారుచెయ్యడానికి కావలసిన గేట్లు, అంటే చిన్న చిన్న క్వాంటం అడుగులు, పెరగడం, రెండూ ఒకటేనన్న భౌతిక శాస్త్రవేత్త సస్కిండ్ ఊహ నీకు తెలిసిందే.

నా భయం వేరు.

పీహెచ్‌డీ రెండో ఏడు నేనూ ఈ మోడల్‌తోనే కుస్తీ పట్టాను. యాక్షన్‌లో, అంటే సమీకరణాలన్నీ పుట్టే మూల సూత్రంలో, డైలాటాన్ అనే క్షేత్రం పక్కన వక్రత ప్లస్ రెండు ఉంటుంది కదా. సమీకరణమేమో వక్రత మైనస్ రెండంటుంది. రెండూ కలిస్తే సున్నా, లోపలి భాగం మొత్తం ఎగిరిపోయింది. అంచున ఏముంటుందిలే అని సరిహద్దు పదం రాయనేలేదు. జవాబు సున్నా. నాలుగు నెలలు ఎవరికీ చూపించలేదు. గైడ్ ఎదురొస్తే మెట్ల వైపు తిరిగేవాణ్ణి, మెస్సులో ఆఖరి బ్యాచ్‌లో తినేవాణ్ణి. ఒకరోజు సీనియర్ ఒకాయన గదికొచ్చి, టీ గ్లాసు పెట్టుకోవడానికి నా కాగితాలు జరుపుతూ "అంచు ఏదిరా?" అన్నాడు. టీ చల్లారకముందే తేలిపోయింది. సరుకంతా అంచులోనే ఉంది.

2018లో ఇదే మోడల్‌లో యాక్షన్‌తో సంక్లిష్టత, అంటే ఆ గేట్ల సంఖ్యే, లెక్కకడితే, చాలాకాలం గడిచాక పెరుగుదల సున్నా అని వచ్చింది. రావలసింది ఉష్ణోగ్రత, ఎంట్రోపీల లబ్ధం చొప్పున పెరుగుదల. సస్కిండ్ బృందమూ, మయర్స్ అనే మరో శాస్త్రవేత్త బృందమూ ఆ సున్నాను దాచుకోలేదు. ఈ మోడల్ నాలుగు కొలతల విద్యుదావేశ బ్లాక్‌హోల్ నుంచి దిగివచ్చింది కాబట్టి, అక్కడి మాక్స్‌వెల్ (విద్యుదయస్కాంత క్షేత్రపు) సరిహద్దు పదాన్నీ తేవాలన్నారు. తెస్తే పెరిగింది. వాళ్ళ సున్నా పేపరైంది, నాది ట్రంకుపెట్టెలో పడుంది. నాది వట్టి పొరపాటనుకో, అయినా నాలుగు నెలలేమిటి?

నీకూ నా బుద్ధే. పదో తరగతిలో లెక్కల పేపరు పరుపు కింద దాచినదానివి! అక్కడ పరుపు ఎత్తి చూసేవాళ్ళుండరమ్మా.

వేళకి తిను. మొదటి సున్నా వచ్చిన రోజే గైడ్‌కి చూపించు. భయమేస్తే ముందు నాకు ఫొటో తీసి పంపు. పెన్సిల్‌తో రాయకు, నా కళ్ళకి ఆనదు. అక్కకి చెప్పనులే.

మీ మావయ్య